మనుబోలు కనిపించే కిటికీ సీటు

నెల్లూరు జిల్లాలో ఉన్న మా మనుబోలుకు విమానం కొత్తేమీ కాదు, నెత్తిమీదుగా పోతూనే ఉంటుంది. ఎక్కాలంటే మాత్రం మద్రాసుకో రేణిగుంటకో పోవాలి. అంత దూరం పోయి, తనిఖీలో బెల్టు విప్పి ఎక్కినవాడు సొంత ఊరిని పైనుంచి చూసుకోకుండా దిగితే టికెట్టు దండగ. అలాంటివారి కోసమే ఈ నాలుగు ముక్కలు.

మ్యాపు తీసి మద్రాసు నుంచి హైదరాబాదుకు స్కేలుతో గీత గీయండి. అది మనుబోలుకు పడమరగా, 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పోతుంది. అంటే పోయేటప్పుడు ఊరు కుడివైపు, ఎఫ్ సీటు. వచ్చేటప్పుడు ఎడమవైపు, ఏ సీటు. పైలట్ మీ స్కేలును గౌరవిస్తాడన్న నమ్మకంతో రెండింటికీ అదనపు డబ్బు కట్టేయండి. పొద్దుటి విమానమైతే ఎఫ్ వైపు ఎండ నేరుగా కళ్ళలో కొడుతుంది. పక్కాయన షట్టర్ దించమంటాడు. దించకండి, డబ్బు కట్టింది మీరు.

తర్వాత వరుస సంగతి. ఎయిర్‌బస్ 320లో సుమారు 10 నుంచి 20 దాకా కిటికీ కింద రెక్కే ఉంటుంది. అందులోనూ 12, 13 ఎమర్జెన్సీ తలుపు వరుసలు, కాళ్ళు చాపుకోవచ్చని ఇంకాస్త ఎక్కువ గుంజుతారు. గంటసేపు ఆ బూడిదరంగు రేకునూ, దానిమీద అడుగు పెట్టరాదన్న హెచ్చరికనూ చదివిందే చదువుకోవచ్చు. రెక్క వెనక కూచుంటే ఇంజను వేడిగాలికి కింది ఊళ్ళు వణుకుతూ కనబడతాయి. ఇక బోయింగ్ 737లు కొన్నిటిలో, రెక్కకు కాస్త ముందు, ఒక వరుసకు కిటికీయే ఉండదు. ఆ గోడలోంచి ఏసీ గొట్టం పోతుంది. టికెట్టు మీద మాత్రం అదీ కిటికీ సీటే.

రేణిగుంట నుంచి విజయవాడకు ఏటీఆర్ దొరికిన రోజున వదలకండి. రెక్కలు కిటికీకి పైన ఉంటాయి, పోయేదీ తక్కువ ఎత్తులో, మనుబోలుకు ఇంకా దగ్గరగా. కుడివైపు కూచోండి. ఈ వ్యాసంలో పనికొచ్చే ముక్క ఇదొక్కటే.

దీపావళికి ఊరొచ్చేవాళ్ళకు ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని మబ్బు తప్ప ఏమీ కనబడదు. దాన్నే చూపించి "అదిగో మా ఊరు" అనండి, కాదనేవాడు ఉండడు.

ఆర్టీసీ బస్సులో అయితే కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనదే. విమానం కిటికీ తెరుచుకోదు గనక ఆ విద్య ఇక్కడ చెల్లదు. మీరు కూచోబోయే వేళకు మధ్య సీటు పెద్దామె అంటుంది: "నాయనా, తల తిరగతా ఉండాది, కిటికీ కాడ కూచుంటానబ్బా." ఆ యాస విన్నాక లేవక ఏం చేస్తారు? ఆమె కూచుని, షట్టర్ దించి, శంషాబాద్ దాకా నిద్రపోతుంది.

అదృష్టం బాగుండి ఆమె రాలేదనుకోండి. కుడివైపు ముందు పులికాట్ వస్తుంది, దానికీ సముద్రానికీ మధ్య సన్నటి పట్టీగా శ్రీహరికోట. ఆ తర్వాత గూడూరు. ఇక్కణ్ణుంచి కన్నార్పకూడదు. గంటకు 800 కిలోమీటర్లంటే నిమిషానికి 13, గూడూరు నుంచి మనుబోలూ దాదాపు అంతే. ఆ నిమిషంలోనే రైలు మీద రైలు పోయే 2.2 కిలోమీటర్ల వంతెన, కండలేరు వాగు, 400 కేవీ సబ్‌స్టేషన్, కృష్ణపట్నం వైపు ఎండకు తళతళలాడే రొయ్యల గుంటలు అన్నీ గుర్తుపట్టేయాలి. మీరు వంతెన దగ్గర ఉండగానే "వెజ్జా, నాన్‌వెజ్జా సార్?" అని వినబడుతుంది. తల తిప్పారా, ఊరు దాటిపోయినట్టే. ప్యాసింజరు రైల్లో కిటికీ దగ్గర కూచున్నవాడికి ఇదే దూరం తీరిగ్గా, టీ తాగుతూ కనబడుతుంది. అయితే అందులో ఫొటో పెట్టుకునేంత గొప్పేముంది?

శ్రీహరికోట రాకెట్టు చూడాలనే ఆశ కూడా కొందరికి ఉంది. 2023 జూలై 14న చెన్నై నుంచి ఢాకా పోతున్న విమానంలోంచి ఓ ప్రయాణికుడు తీసిన చంద్రయాన్-3 వీడియో దేశమంతా తిరిగింది మరి. ప్రయోగం వేళ ఆ దరిదాపుల్లో ఆకాశం మూసేస్తారు కాబట్టి దూరంనుంచే చూడాలి. మనుబోలులో మిద్దె ఎక్కినా దూరమే, 60 చిల్లర కిలోమీటర్లు. కాకపోతే అక్కడ సీటు నంబరు లేదు, ఎంచుకోవడానికి ఏమీ ఉండదు.

మా జిల్లాలోనే దగదర్తి విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన జరిగింది. అక్కణ్ణుంచి ఎగిరితే ఏ వైపు కూచోవాలని ఇప్పటికే అడుగుతున్నారు. ముందు రన్‌వే పడనీయండి, చెబుతాను.