మారాలో మౌనవ్రతం, గట్టు మీద టపాకాయలు

ఆగస్టు వచ్చిందంటే గుడివాడ వాట్సాప్ స్టేటస్సుల నిండా సింహాలే. టాపు పైకి లేచే జీపులోంచి తల బయటపెట్టిన మన పెద్దమనిషి, ఒంటిమీద మట్టిరంగు చొక్కా, మెడలో బైనాక్యులర్సు, వెనకాల ఎక్కడో గడ్డిలో గోధుమరంగు మచ్చ. అది సింహమని కింద రాశారు గనక నమ్మాలి. పడుకుని ఉంటుంది. రోజుకి ఇరవై గంటలదాకా పడుకునే జంతువు మరి. అంతసేపు పడుకునేవాళ్లు మన అరుగుల మీద ఊరికి పదిమంది దొరుకుతారు, వాళ్లని చూడ్డానికి మాత్రం ఎవరూ టికెట్టు కొనరు.

కాశీ, కేదారం అయిపోయాయి. అమెరికాలో పిల్లల దగ్గర ఆరునెల్లుండి రావడం పాతబడిపోయింది. ఇప్పుడు పరువంతా కెన్యాలో, మాసాయి మారాలో ఉంది. విమానం, వీసా, లాడ్జి ఖర్చులు అటుంచితే, జులై నుంచి డిసెంబరు దాకా బయటిదేశం మనిషికి ఒక్కరోజు ప్రవేశ రుసుమే 200 డాలర్లు. 2024లో పెంచారు. పెంచాకే మనవాళ్లకి దాని మీద గౌరవం కూడా పెరిగినట్టుంది.

మాకు బాబాయి వరసయ్యే ఒకాయన ఈమధ్యే వెళ్లొచ్చాడు. ఊరు గుడివాడ, చెరువులు దివిసీమలో. ఆయన చెప్పిన లాడ్జి దినచర్య ఇదీ: తెల్లారుజామున అయిదున్నరకి టెంటు బయటినుంచి కాఫీ అంటూ లేపుతారు. ఆరింటికల్లా జీపెక్కాలి. ఎక్కడ ఏం కనబడిందో డ్రైవర్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. చిరుతపులి తోక కదిలిందని కబురొస్తే చాలు, చుట్టుపక్కల జీపులన్నీ అక్కడ వాలతాయి. దాని వేట చెడుతుంది, మన ఫొటో కుదురుతుంది. తొమ్మిదిన్నరకి మళ్లీ లాడ్జికి, బఫే. అందులో బాబాయి సొంతంగా తీసుకెళ్లిన గోంగూర పచ్చడి, నంచుకోవడానికి కందిపొడి. మధ్యాహ్నం నిద్ర, నాలుగింటికి మళ్లీ జీపు, చీకటి పడ్డాక మంటేసి దాని చుట్టూ మాసాయి కుర్రాళ్ల గెంతులు. రాత్రికి పక్కలో వేడినీళ్ల సంచి. గుడారంలో పడుకోవడం మా సీమలో గూడు పోయినవాడు చేసే పని. అక్కడ అదే లగ్జరీ.

చూడాల్సిన జంతువులు అయిదని బ్రోషర్లో టిక్కులు పెట్టుకోడానికి జాబితా ఇస్తారట: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఈ జాబితా కట్టింది జంతుప్రేమికులు కాదు. నడిచి వెళ్లి కొట్టడానికి ఏవి ప్రమాదకరమో లెక్కేసుకున్న తెల్ల వేటగాళ్లు. బాబాయికి నాలుగే పడ్డాయి. ఖడ్గమృగం కనపడలేదని ఇప్పటికీ కొలత తగ్గిన ధాన్యం బస్తా కొన్నవాడిలా బాధపడతాడు.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఆయన డబ్బు, ఆయన సరదా. పేచీ ఆ తర్వాతి మాటతో.

"అసలు ఏం నిశ్శబ్దమనుకున్నావురా అబ్బాయ్! మేమెవ్వరం నోరు తెరిస్తే ఒట్టు. జంతువంటే వాళ్లకెంత గౌరవమనుకున్నావ్? మనకీ ఉందీ, ఎందుకూ!"

మనకేముందో మనవి చేస్తాను. కోడూరు అవతల బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. చెరువు నిండా గట్టు నుంచి గట్టుకి నైలాను దారాలు. పిట్ట రెక్క చిక్కుకుంటే తలకిందులుగా వేలాడుతుంది. నీటికాకులు, కొంగలు వాలకుండా టపాకాయలు పేల్చడానికి ఒక కావలి కుర్రాడు, వాడికి నెలజీతం. మారాలో మూడు రోజులు గుసగుసగా కూడా మాట్లాడని మనిషి, ఇంటికొచ్చిన మర్నాడే ఆ కుర్రాడికి ఫోన్ చేసి ఎందుకు పేల్చడం లేదురా అని అరిచాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ పిట్టలు వేరే గతి లేక వస్తున్నాయనుకోండి. గుడివాడ నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు, అది దాటితే కొల్లేటి ఒడ్డున ఆటపాక. శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ గూళ్లు కడతాయి. చెట్లు చాలక అడవిశాఖ వాళ్లు ఇనపస్టాండ్లు పాతితే వాటిమీదే పిల్లల్ని పెంచుకుంటాయి. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లని మందుపెట్టి పేల్చారు. ఇంతా చేస్తే, పేల్చిన గట్లలో తిరిగి లేచినవెన్నో ఆ దారిన పోయే ఎవరికైనా కనబడతాయి. బాబాయి ఆటపాక ఎప్పుడూ చూడలేదు. "ఏముందిరా అక్కడ, కొంగలేగా" అంటాడు. కెన్యా నకూరు సరస్సులో ఇవే గూడబాతుల పెద్దక్కల ముందు నించుని ఆయన తీయించుకున్న వీడియో నిడివి నాలుగు నిమిషాలు.

ఇక మన సొంత అభయారణ్యం. కృష్ణ సముద్రంలో కలిసేచోట, నాగాయలంక, సొర్లగొంది, ఎదురుమొండి చుట్టూ ఉన్న మడ అడవుల్ని 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 194 చదరపు కిలోమీటర్లు. మారా దీనికి ఏడెనిమిదింతలు, ఒప్పుకుంటాను. కానీ మారాలో లేనిదొకటి ఇక్కడుంది: బావురుపిల్లి. మామూలు పిల్లికి రెండింతలుంటుంది, వేళ్ల మధ్య కాస్త పొర. రాత్రిపూట కాలవ ఒడ్డున కూర్చుని నీళ్లకేసి చూస్తూ చూస్తూ పంజా విసిరి చేపని లాగుతుంది, కావాలంటే నీళ్లలోకే దూకుతుంది. ప్రపంచంలో అంతరించే ముప్పున్న పిల్లుల్లో ఇదొకటి. దాన్ని చూడ్డానికి బయటిదేశాల శాస్త్రజ్ఞులు వస్తారు. బాబాయి లెక్కలో అదొక చేపల దొంగ. నీటికుక్కా దొంగే. నక్క సంగతి అడక్కండి.

మడ నరికి చెరువులు తవ్వడం ఇక్కడ ముప్ఫై ఏళ్ల పైబడిన వ్యాపారం. తీరంలో రొయ్యల చెరువులు కూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ తీర్పు పదును తగ్గించింది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ముసలివాళ్లు, మడ అడ్డున్నచోట నీళ్ల జోరు విరిగిందని చెబుతారు. వాళ్లు పోతున్నారు, మడా పోతోంది.

జంతుగౌరవం అన్నాడు గదా, పాముల సంగతి కూడా చెప్పుకోవాలి. 2018లో దివిసీమలో పాముకాట్లు పెరిగిపోతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుళ్లో దేవాదాయశాఖ సర్పశాంతి హోమం చేయించింది. మారాలో సింహానికి ఇరవై గజాల దూరంలో కూర్చున్నవాడికి జీపుంది, గైడున్నాడు, దిగకూడదన్న రూలుంది. ఇక్కడ రక్తపింజర తిరిగే మళ్లోకి నాట్లకని ఒట్టికాళ్లతో దిగే కూలిమనిషికి హోమం పొగ ఉంది. సాహసయాత్ర ఎవరిదో మీరే చెప్పండి. ఆవిడ స్టేటస్సు పెట్టుకోదు.

ఇంకోటి. కెన్యా 2017లో ప్లాస్టిక్ సంచులు నిషేధించింది. 2020 నుంచి పార్కుల్లోకి ఒక్కసారి వాడిపారేసే నీళ్లసీసా కూడా తీసుకెళ్లనివ్వడం లేదు. బాబాయితో వెళ్లిన బృందమంతా స్టీలు సీసాలు పట్టుకుని బుద్ధిగా తిరిగారట. తిరుగు ప్రయాణంలో, గన్నవరంలో దిగి కారులో ఇంటికొస్తూ, తిన్న ప్యాకెట్లన్నీ మూటకట్టి దారిలో కాలవలోకి విసిరారు. క్రమశిక్షణ పాస్‌పోర్టుతోపాటు బీరువాలోకి వెళ్లిపోయింది.

మాసాయిల మీద కూడా బాబాయికి అభిప్రాయాలున్నాయి. "ఎంత స్వచ్ఛమైన మనుషులురా, పశువులే ప్రాణం వాళ్లకి." వాళ్ల మేతభూముల్ని ఇంగ్లీషువాళ్లు 1904లోనూ 1911లోనూ ఒప్పందాల పేరుతో లాక్కున్నారన్న ముక్క ప్యాకేజీలో లేదు. ఆయన చెరువు పక్కన గుడిసెలు వేసుకున్న యానాదులూ పీతలు, ఎలకలు పట్టి బతికే మనుషులే. వాళ్లని చూసి ఆయనకి స్వచ్ఛత గుర్తొచ్చిన దాఖలా లేదు. గట్టెక్కితే కేకలేస్తాడు.

అయితే వెళ్లొచ్చినందుకు ఫలితం లేకపోలేదు. బాబాయికి ఒక ఆలోచన వచ్చింది. మన దివిసీమనే మారా చేసేయాలట. హంసలదీవి దగ్గర, సముద్రం కనబడేలా, పదహారు టెంట్లతో లాడ్జి. పొద్దున్నే పంటు మీద ఎదురుమొండికి సఫారీ. రాత్రి బావురుపిల్లి కనబడేలా సెర్చిలైట్లు. సాయంత్రం మంట చుట్టూ యానాదులు ఎలకలు పట్టి చూపిస్తారు, తలా ఇంత ఇచ్చేద్దాం అన్నాడు.

"అభయారణ్యం కదా బాబాయ్, అడవిశాఖ ఒప్పుకుంటుందా?"

"దాన్దేవుందిరా, మనవాళ్లున్నారుగా."

"మరి నీ చెరువులో?"

నావంక జాలిగా చూశాడు. "అవి తీసేస్తే ఎట్టారా? గెస్టులకి రొయ్యల వేపుడు ఎక్కణ్ణుంచి తెస్తావ్?"