పిల్లల కోసమే, ఒట్టు!

సియాటిల్‌లో ఉద్యోగం ఖాయమైన సాయంత్రమే తెలుగింట ఒక ఎక్సెల్ షీటు పుడుతుంది. ఎడమ వరసలో సమామిష్, రెడ్‌మండ్, బాథెల్, ఇస్సక్వా. కుడి వరసలో బెయిన్‌బ్రిడ్జ్ ఐలాండ్, వాషాన్ ఐలాండ్. షీటు పేరు ‘పిల్లల కోసం’. ఆ పిల్లల్లో పెద్దమ్మాయికి నాలుగేళ్ళు, చిన్నవాడింకా డైపర్లలో ఉన్నాడు. వాళ్ళనెవరూ సంప్రదించరు. సంప్రదిస్తే పెద్దమ్మాయి ‘అమ్మమ్మ ఇంటికెళ్దాం’ అంటుంది, ఆ జవాబుకి షీటులో గడి లేదు.

మనవాళ్ళలో శివారు పార్టీ, దీవి పార్టీ అని రెండున్నాయి. శివారు పార్టీది తిరుగులేని మెజారిటీ. దీవి పార్టీ చిన్న గుంపే గానీ గొంతు పెద్దది, ఫొటోలు ఇంకా పెద్దవి. ఇద్దరి మేనిఫెస్టోలోనూ మొదటి వాక్యం ఒకటే: మా కోసం ఏమీ వద్దు, అంతా పిల్లల కోసమే.

ముందు శివారు సంగతి. మైక్రోసాఫ్ట్ 1986లో రెడ్‌మండ్‌కి మకాం మార్చింది. ఆ చుట్టుపక్కల గుట్టలెక్కి ఇళ్ళు లేచాయి, సమామిష్ 1999లో నగరం హోదా తెచ్చుకుంది. అక్కడ ఇల్లు కొనేవాడు వంటిల్లు తర్వాత చూస్తాడు, ముందు స్కూలు రేటింగు చూస్తాడు. పదికి పది ఉండాలి. తొమ్మిదున్న వీధిలో కొన్నవాణ్ణి చుట్టాలు పరామర్శించి వస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆగస్టు 31 నాటికి ఐదేళ్ళు నిండితే గానీ కిండర్‌గార్టెన్‌లో మామూలుగా చేర్చుకోరు. మనవాడు మాత్రం డైపరు కుర్రాడి హైస్కూలు రేటింగు చూసుకుని ముప్ఫయ్యేళ్ళ అప్పు మీద సంతకం పెడతాడు. వాడు హైస్కూలుకొచ్చేనాటికి బడుల హద్దులు ఏ వీధిలోంచి పోతాయో స్కూలు బోర్డుకే తెలియదు.

ఇంతకీ ఆ పదికి పదిలో ఏముంది? ఎక్కువ భాగం పరీక్ష మార్కులు. ఆ మార్కుల్లో ఏముంది? చాలావరకు ఆ వీధిలోని అమ్మానాన్నల చదువులూ జీతాలూ. అంటే పక్కింటాయన ఎంఎస్ డిగ్రీకి మనం ఇంటి ధరలో అదనంగా కడుతున్నాం, మన డిగ్రీకి ఆయన కడుతున్నాడు. మధ్యలో ఏజెంటు కమీషన్ తీసుకుంటున్నాడు. ఇందులో పంతులుగారి ప్రస్తావన ఎక్కడా రాలేదు, గమనించారా?

శివారులో ‘పెద్ద యార్డు’ కొంటారు, పిల్లలు ఆడుకోవడానికి. ఆడుకోవడానికి పిల్లలేరీ? సోమవారం కుమాన్ లెక్కలు, మంగళవారం ఈత, బుధవారం కూచిపూడి, గురువారం చదరంగం, శుక్రవారం ఇంకో లెక్కల క్లాసు, వారాంతంలో మనబడి తెలుగు క్లాసు, ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు. ఆ గడ్డి మీద వారానికోసారి నాన్నగారి మోవరు తప్ప ఎవరూ తిరగరు. పక్కింట్లో తన ఈడు పిల్ల ఉంటే గోడ దూకి పోకూడదు, అమ్మలిద్దరూ క్యాలెండర్లు చూసుకుని ప్లేడేట్ ఖరారు చెయ్యాలి. ప్రధానమంత్రుల భేటీలు ఇంతకంటే తేలిగ్గా కుదురుతాయి. నాలుగేళ్ళ పిల్ల బాల్యం మొత్తం కారు వెనక సీటులో, బెల్టు కింద, భద్రంగా గడుస్తుంది.

భద్రత అంటే గుర్తొచ్చింది. ‘దీవిలో ఏదైనా అయితే దిక్కెవరండీ, మా దగ్గర అన్నీ ఉన్నాయి’ అనేది శివారు పార్టీ బ్రహ్మాస్త్రం. 2024 నవంబర్‌లో గాలివాన కొట్టింది. కొన్నప్పుడు ‘అబ్బ, ఎంత పచ్చదనం’ అని మురిసిన చెట్లే తీగల మీద పడ్డాయి. సమామిష్, ఇస్సక్వా, బెల్‌వ్యూల్లో చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. పదికి పది బడులు మూతబడ్డాయి.

ఇక దీవి పార్టీ. వీళ్ళు శివారు వాళ్ళను చూసి జాలిపడతారు. ‘మా పిల్లలు ప్రకృతిలో పెరుగుతారు’ అంటారు. మిగతా పిల్లలు పింగాణీ బీరువాల్లో పెరుగుతున్నారు కాబోలు. దీవి ఇంటిని జూలైలో చూస్తారు. సముద్రం నీలంగా ఉంటుంది, రాత్రి తొమ్మిదికి సూర్యుడు తీరిగ్గా దిగుతాడు, దూరంగా రెయినియర్ కొండ. డౌన్‌టౌన్ రేవు నుంచి బెయిన్‌బ్రిడ్జ్‌కి ఫెర్రీలో 35 నిమిషాలే అని ఏజెంటు చెబుతాడు, అది నిజమే. ఫెర్రీ ఎక్కాక 35 నిమిషాలు. ఎక్కడానికి ముందు కార్ల వరసలో ఎంతసేపన్నది ఏజెంటుకు సంబంధించిన విషయం కాదు. ఆ ఇంట్లో డిసెంబర్‌లో కాపురం ఉంటారు. సాయంత్రం 4:20కే సూర్యుడు సెలవు తీసుకుంటాడు. ఆ తర్వాత కనిపించే ప్రకృతి అంతా కిటికీ అద్దంలో సొంత మొహమే.

వాషాన్‌కి వంతెనే లేదు. ఫెర్రీ టిక్కెట్టు వాషాన్‌కి వెళ్ళేటప్పుడే తీసుకుంటారు, తిరిగొచ్చేటప్పుడు అక్కర్లేదు. లోపలికి పోవడానికి రుసుము, బయటపడడానికి ఉచితం. ఈ ఏర్పాటు చేసినవాడు మనస్తత్వశాస్త్రం చదివే ఉంటాడు. 2022 అక్టోబర్ నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఎటువైపైనా ఉచితమే. అందుకే కాబోలు, మనవాళ్ళు దీవి ఖర్చు లెక్కేస్తే పిల్లల కాలమ్‌లో ఎప్పుడూ సున్నా పడుతుంది.

ఫెర్రీలు మంచివే. కొన్నేళ్ళుగా సిబ్బంది చాలక, ఓడలు పాతబడి, ట్రిప్పులు రద్దవుతున్నాయంతే. 2022 జూలైలో క్యాథ్లామెట్ అనే ఫెర్రీ వాషాన్ నుంచి వస్తూ ఫాంట్లెరాయ్ రేవులో గుంజల్ని గుద్దింది. 2023 ఏప్రిల్‌లో వాలా వాలా అనేది జనంతో సహా బెయిన్‌బ్రిడ్జ్ ఒడ్డుకి ఎక్కి కూర్చుంది. ఇలాంటి రోజున సియాటిల్‌లో ఉన్న తండ్రికి డేకేర్ నుంచి ఫోనొస్తుంది: మీవాణ్ణి తీసుకెళ్ళే టైమైంది, ఆలస్యానికి నిమిషాల లెక్కన జరిమానా. ఆయన రేవులో నిలబడి నీళ్ళకేసి చూస్తాడు. ఎదురుగా దీవి కనబడుతూనే ఉంటుంది, వ్యూ అంటే అదే. పిల్లకు అర్ధరాత్రి ఆయాసం వస్తే ఈ రెండు దీవుల్లోనూ పెద్దాసుపత్రి లేదన్నది షీటులో ఉండదు, ‘ఆర్గానిక్ కూరగాయలు’ మాత్రం రెండుచోట్ల ఉంటుంది.

పాపం, ఇంటి నుంచే పని చేస్తూ 2021లో దీవిలో కొన్నవాళ్ళ మాటేమిటంటారా? ఆఫీసు అనే ఆచారం భూమ్మీంచి అంతరించిందని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. 2025 జనవరి నుంచి అమెజాన్ వారానికి ఐదు రోజులూ రమ్మంది. పిల్లలతో గడపడం కోసం దీవికెళ్ళిన తండ్రి ఇప్పుడు పిల్లలు లేవకముందే ఫెర్రీ పట్టుకుంటాడు. చీకటి పడ్డాక తిరుగు ఫెర్రీలో కూర్చుని పిల్లల ఫొటోలు చూసుకుంటాడు.

అసలు తమాషా వీళ్ళ పుట్టిళ్ళది. దీవి పార్టీలో కోనసీమ లంకల వాళ్ళూ ఉంటారు. మైక్రోసాఫ్ట్ రెడ్‌మండ్‌కి మారిన 1986లోనే, ఆగస్టులో, గోదావరి ఆ లంకలను ముంచెత్తింది. వాళ్ళ పెద్దలు వంతెన కోసం అర్జీలు పెట్టి, ఎన్నికల్లో హామీలు విని, పంటు పడవ కోసం ఒడ్డున నిలబడి అరిగిపోయారు. నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల్లో పంటు కోసం పడ్డ పాట్లు అడిగితే ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. అలాంటింటి మనవడు వీడియో కాల్‌లో ఉత్సాహంగా చెబుతాడు:

‘అమ్మా, చుట్టూ నీళ్ళే! ఊళ్ళోకి రావాలంటే పడవెక్కాల్సిందే.’

‘మీ తాత పొలం అమ్మి మీ నాన్నని చదివించింది ఆ పడవ దిగడానికేరా.’

‘ఇది వేరమ్మా. ఇది ప్రీమియం.’

ఆ అమ్మే రేపు ఆరు నెలల విజిటర్ వీసా మీద వస్తుంది. పిల్లల్ని చూసుకునేది ఎవరనుకున్నారు మరి? శివారులోనైనా దీవిలోనైనా ఆవిడకు కారు నడపడం రాదు. గుడికీ కూరగాయలకీ నడిచిపోయే దారి ఉండదు. సమామిష్ గుట్ట మీద ఆవిడ వీధి చివరి దాకా వెళ్ళి స్టాప్ బోర్డు చూసి వెనక్కొస్తుంది. దీవిలో దేవదారు చెట్టు దాకా వెళ్ళి వెనక్కొస్తుంది. షీటులో రెండు వరసల్లోనూ ఆవిడ పేరు ఒక్కచోటే ఉంటుంది, ‘గెస్ట్ రూమ్’ కింద.

పంచాయితీ తెగకపోతే మధ్యేమార్గం అంటూ ఎవరో మెర్సర్ ఐలాండ్ పేరెత్తుతారు. పేరుకు దీవి, పనికి శివారు. సియాటిల్‌కీ బెల్‌వ్యూకీ నడుమ, సరస్సు మీద తేలే వంతెనలతో. ఆ తేలే వంతెనల్లో పాతది 1990 నవంబర్‌లో మరమ్మతుల మధ్యలో ఒకసారి మునిగిందనుకోండి, తర్వాత మళ్ళీ కట్టారు. అక్కడ మునిగేది ఇప్పుడు కొనేవాళ్ళే. ధరలు చూశాక మొగుడూ పెళ్ళాలిద్దరూ చాలాసేపు మాట్లాడుకోరు. ఆ రోజు మొదటిసారి పిల్లలకి వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఖాళీగా కూర్చుని దొరుకుతారు.

చివరికి ‘ప్రస్తుతానికి’ అని రెడ్‌మండ్‌లో అద్దెకు రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటు తీసుకుంటారు. యార్డు లేదు, వ్యూ పార్కింగ్ లాటు మీదికి. ఎదురింట్లో పెద్దమ్మాయి ఈడుదే ఒక కొరియన్ పిల్ల. రెండు తలుపుల మధ్య నాలుగడుగులు. అటో ఇటో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. భోజనాల వేళకు ఎవరి పిల్ల ఎవరింట్లో ఉందో లెక్క తేలదు. నాన్న ఆరింటికల్లా ఇంట్లో ఉంటాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరూ మళ్ళీ ల్యాప్‌టాప్ తెరుస్తారు. ఈ ఇరుకులో ఇంకెన్నాళ్ళండీ, పిల్లల కోసమైనా త్వరగా ఏదో ఒకటి తేల్చాలి అంటుందావిడ. ఆయన షీటుకి కొత్త వరస కలుపుతాడు: విడ్బీ ఐలాండ్.