తుపాకీ గారికి టికెట్టివ్వండి

2024 మార్చి 16న, శనివారం, ఎన్నికల షెడ్యూలు వచ్చింది. షెడ్యూలు వెంటే కోడ్ వచ్చింది. కోడ్ వెంటే, పెళ్లికి ముందు పందిరి రాట వేసినంత ఆనవాయితీగా, ఆ పాత హుకుమూ దిగింది: లైసెన్సు తుపాకులున్నవాళ్లు తెచ్చి ఠాణాలో జమ చెయ్యాలి.

వారం తిరక్కుండానే గిద్దలూరు నియోజకవర్గంలో ఒకర్ని, ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఒకర్ని చంపేశారు. మాచర్లలో కారు తగలబెట్టారు. అప్పటి రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి ముఖేష్ కుమార్ మీనా గారు ప్రకాశం, నంద్యాల, పల్నాడు ఎస్పీలను పిలిపించి సంజాయిషీ అడిగారు. ఇదంతా మీరు చదివిందే. ఈ మూడు చోట్లా తుపాకీ పేలలేదన్న సంగతీ చదివే ఉంటారు.

అయినా లెక్క నడిచేది తుపాకులదే. జిల్లాలో లైసెన్సులెన్ని, జమ అయినవెన్ని, ఇంకా రావలసినవెన్ని. శాంతిభద్రతల మాట ఎవరెత్తినా ముఖాన కొట్టడానికి ఆ అంకె ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మొదట నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత జ్ఞానోదయమైంది. నంద్యాల జిల్లా మొత్తానికి ప్రభుత్వం మాట వినే పౌరుడు ఒక్కడే ఉన్నాడు. రమ్మంటే ఠాణాకొస్తాడు, ఉండమంటే ఉంటాడు, పొమ్మనేదాకా పోడు. బెయిలడగడు. ఫోన్లు చేయించడు. తన వర్గాన్నేసుకొచ్చి స్టేషన్ ముందు బైఠాయించడు. ఆయన పేరు లైసెన్సు తుపాకీ.

ఇంతటి బుద్ధిమంతుణ్ని ఎన్నికలప్పుడు లోపలేయడమేమిటండీ? టికెట్టివ్వాలి గానీ! ఆళ్లగడ్డ అసెంబ్లీకి తుపాకీ గారిని నిలబెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. పార్టీ ఏదైనా నాకు ఫరవాలేదు. నాయకులకే లేని పట్టింపు నాకెందుకు?

అభ్యర్థి బయోడేటా చూడండి. పేరు పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. పుట్టింది బెంగాల్లోని ఇషాపూర్ సర్కారీ కార్ఖానాలో. స్థానికేతరుడని ఎవరైనా నోరు పారేసుకుంటే, తాత కాలం నుంచీ ఆళ్లగడ్డ మిద్దె గోడకే వేలాడుతున్నాడని చెప్పుకోవచ్చు. గుర్తింపు పత్రం భేషుగ్గా ఉంది. 2012 నుంచి కేంద్రం ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్ నడుపుతోంది. లైసెన్సుదారుకు విశిష్ట సంఖ్య ఉండాలి, సంఖ్య లేకపోతే లైసెన్సు చెల్లదు. ఓటరు జాబితాలోనైతే చనిపోయినవాళ్లు ఇంకో రెండెన్నికలు బతికేస్తారు. తుపాకీ పుస్తకంలో ఆ వెసులుబాటు లేదు, యజమాని పోతే వారసులు ఠాణాకు పరుగెత్తవలసిందే.

కుటుంబ నియంత్రణా పాటించాడు. మనిషికి మూడు తుపాకులుండొచ్చన్న చట్టాన్ని 2019లో సవరించి రెండు చాలన్నారు. మూడోవాణ్ని ఏడాదిలోగా అప్పగించమన్నారు. ఆస్తులంటారా, తూటాలే. ఆ తూటాలకూ లెక్కుంది. ఎన్ని కొన్నాడో, దగ్గర ఎన్ని ఉండాలో లైసెన్సులోనే రాసుంటుంది. కాంట్రాక్టు బిల్లుల్లో ఎప్పుడైనా ఇంత వివరం చూశారా?

ఇక మానసిక స్థితి. తుపాకీ లైసెన్సు కావాలంటే మతి స్థిమితంగా ఉందని డాక్టరు చేత రాయించుకోవాలి. పోలీసు విచారణ సరేసరి. ఎమ్మెల్యే నామినేషన్‌కు డాక్టరు కాగితం అక్కర్లేదు. కేసుల గడి కూడా మా అభ్యర్థికి ఖాళీ. నేరచరిత్ర ఉన్నవాళ్లు నామినేషన్ వేశాక పత్రికల్లో మూడుసార్లు ప్రకటన వేయించుకోవాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది కదా, తుపాకీ గారికి ఆ ఖర్చు మిగులు. ఒక్కటే లోటు. దశాబ్దాలుగా ఆళ్లగడ్డ రాజకీయం భూమా, గంగుల అనే రెండు ఇంటిపేర్ల చుట్టూనే తిరుగుతోంది. తుపాకీ గారికి ఇంటిపేరు లేదు. దత్తత పోవలసి ఉంటుంది.

ఆయన ఠాణాకొచ్చే ముచ్చట చూశారా ఎప్పుడైనా? నల్లమల అంచున రుద్రవరం వైపు పెద్దాయన ఒకాయన బస్సు దిగుతాడు. చంకలో పాత పంచెలో చుట్టిన పొడుగాటి మూట. హెడ్ కానిస్టేబుల్ మూట విప్పి, తుపాకీని మధ్యకు విరిచి, కిటికీ వెలుతురుకెత్తి రెండు గొట్టాల్లోంచీ ఒంటి కన్నుతో చూస్తాడు. తూటాలు బల్ల మీద పోసి జంటలు జంటలుగా లెక్కపెడతాడు. బట్ మీది నంబరు రిజిస్టర్లో ఎక్కిస్తాడు. అట్టముక్క మీద పేరు రాసి పురికొసతో ట్రిగ్గర్ గార్డుకు కడతాడు. రసీదు చేతికిచ్చినా పెద్దాయన కదలడు.

“సార్, గోడకానిచ్చి పెట్టొద్దండి. చెమ్మ తగిలితే తుప్పు పడ్తాది.”

“నా బిడ్డ లెక్క చూసుకుంటాలే పెద్దాయనా. జూన్ 4న కౌంటింగు. ఆ పైన వారానికి వచ్చి తీసుకపో.”

“అందాక మొక్కజొన్న చేన్లో పందులు పడితే?”

“పందులకు కూడా కోడ్ ఉందని చెప్పు.”

పెద్దాయన నవ్వడు. పంచె మడిచి చంకలో పెట్టుకుని పోతాడు. పంట కాపలాకు తుపాకీ అడిగితే ఇవ్వాలని ఆయుధ చట్టం 13వ సెక్షనే చెబుతోంది. ఆ ఒక్క పనికీ వాడుకునే మనిషి మూడు నెలలు వట్టి చేతులతో, డబ్బా వాయించుకుంటూ మంచె మీద కూర్చుంటాడు. ఆయన ఠాణా మెట్లు దిగుతున్న వేళకే ఎదురుగా రోడ్డు మీద మోటారు సైకిలొకటి పోతుంటుంది. వెనక కూర్చున్నవాడి ఒళ్లో గోతంపట్టలో చుట్టిన మూట. అందులో ఉన్నది తుపాకీ కాదు కనుక చట్టానికి దాంతో పని లేదు.

ఆ మూటలోని మనిషే మా అభ్యర్థికి ప్రధాన ప్రత్యర్థి, వేటకొడవలి. పక్కా రైతుబిడ్డ! ఆయుధ నియమాల పట్టిక ప్రకారం కత్తి తొమ్మిది అంగుళాలకన్నా పొడుగో రెండంగుళాలకన్నా వెడల్పో ఉంటే ఆయుధమే. కాకపోతే ఇంటికీ సేద్యానికీ తయారు చేసినదానికి మినహాయింపు. మా సీమలో ఏ కొడవలినడిగినా సేద్యానికే పుట్టానంటుంది. ఏ చేనికని అడగరాదు. దానికి నంబరు లేదు, రెన్యువల్ లేదు, జమ లేదు. కోడ్ అమల్లో ఉన్నన్నాళ్లూ దర్జాగా ప్రచారం చేసుకుంటుంది.

రెండో ప్రత్యర్థి స్వతంత్రుడు. నాటు బాంబు. ఊరూ పేరూ లేదు. వాములోనో పాడుబడ్డ బావిలోనో కాపురం. పోలీసులు సోదాకొచ్చినప్పుడు అయ్యా అబ్బా లేని అనాథలా దొరుకుతాడు. నాదని ఎవరూ అనరు. ఈయన పేరిట పేలుడు పదార్థాల చట్టమని 1908 నాటిది ఒకటుంది. దాని ఏడో సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు సమ్మతి లేనిదే కోర్టు విచారణ మొదలుపెట్టకూడదు. అంటే తుపాకీ పుట్టాలన్నా కలెక్టర్ సంతకమే, బాంబు బోనెక్కాలన్నా కలెక్టర్ సంతకమే. మొదటి ఫైలు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు తనే నడిచొస్తుంది. రెండోదాన్ని ఎవరో ఒకరు నడిపించాలి.

మూడో ఆయన మా అభ్యర్థికి దాయాదే. సర్కారు కొలువులో ఉన్నాడు. గన్‌మన్ నడుముకుండే తుపాకీ. వన్ ప్లస్ వన్, టూ ప్లస్ టూ అని నాయకులు ఎక్కాలు చదివేది ఈయన గురించే. జమ జాబితాలో ఈయన పేరుండదు, నాయకుడి పక్కనే ఊరంతా తిరుగుతాడు. 2017 ఆగస్టు 23న నంద్యాల ఉప ఎన్నిక పోలింగు. మర్నాడే పట్టణం నడివీధిలో రెండు వర్గాలు ఎదురుపడ్డాయి, గన్‌మన్ గాల్లోకి కాల్చాడు. నంద్యాలవాళ్లకు ఆ చప్పుడు ఇంకా గుర్తే. ఆ ఎన్నికప్పుడు కూడా పెద్దాయన తుపాకీ పంచె చుట్టుకుని ఠాణాలోనే ఉండి ఉంటుంది.

ఈ లెక్క పిచ్చి ఇవాళ్టిదా? 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి ధారపోశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మొదట చేసిన పనుల్లో పాలెగాళ్ల బలగాలను రద్దు చేయించడం ఒకటి. ఎనభైమంది దాకా పాలెగాళ్లుంటే కోటలు ఖాళీ చేయించాడు. అంత చేసినా 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆయన్ని ఉరి తీశారు. లెక్కల పుస్తకం మాత్రం దొరల దగ్గర్నుంచి మనకు భద్రంగా దక్కింది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మా ఆళ్లగడ్డ పిల్లలు ఇది చదివితే నవ్వుకుంటారు. వాళ్లుండే దేశంలో జనం తుపాకుల జాబితా కేంద్ర ప్రభుత్వం తయారుచేయకూడదని 1986లో చట్టమే చేశారు. జాబితా ఉంటే రేపు సర్కారొచ్చి లాక్కుపోతుందని వాళ్ల భయం. కెనడావాళ్లు ఏళ్ల తరబడి పొడుగు తుపాకుల జాబితా రాసి, ఖర్చు తడిసి మోపెడయ్యాక 2012లో ఆపేశారు. మనకా బెంగ లేదు. అయిదేళ్లకోసారి మనమే పంచెలో చుట్టి పట్టుకెళ్తాం.

తుపాకీ గారు గెలిస్తే లాభాలు చాలా ఉన్నాయి. పార్టీ మారడు, నంబరు ఒక్కసారే ఇస్తారు. అసెంబ్లీలో అరవడు, తూటాలు ఠాణాలో ఉన్నాయి. బావమరుదుల్లేరు, బినామీల్లేరు. ఆళ్లగడ్డలో రాతి శిల్పుల కొదవా లేదు కాబట్టి, పదవిలో ఉండగానే విగ్రహం చెక్కించుకుని నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టుకోవచ్చు.

ఆ విగ్రహాల సంగతే చెప్పాలి. ఆళ్లగడ్డ శిల్పులు దేవుళ్లను చెక్కుతారు, నాయకుల్నీ చెక్కుతారు. ఫ్యాక్షన్‌లో నరికించుకున్న అనుచరుడికి విగ్రహం కావాలని ఎవరైనా బయానా ఇచ్చినట్టు నేను వినలేదు. చచ్చేది వాడే. జీపు వెనకసీట్లో కూర్చున్నవాడు, జెండా కట్టినవాడు, పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నవాడు. వాడికి గన్‌మన్ లేడు. ప్రాణహాని ఉందని దరఖాస్తు పెడితే వాడికి లైసెన్సూ రాదు. వాడి పెళ్లాం మర్నాడు ఆసుపత్రి మార్చురీ ముందు నేల మీద కూలబడి ఉంటే, నాయకులు వరసగా వచ్చి కెమెరాల ముందు ఓదార్చిపోతారు. మూడో నెలకు సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చేస్తారు. ఊళ్లో పెద్దమనుషులు రాజీ అంటారు. కేసు వీగిపోతుంది, ఆ పిల్లలు పెరుగుతారు, కొడవలి మళ్లీ సేద్యానికొస్తుంది.

తుపాకీకి పుస్తకం ఉండాల్సిందే. లెక్కలేని తుపాకీ ఎవడింట్లోనూ, ఏ పార్టీవాడింట్లోనూ ఉండడానికి వీల్లేదు. ఆ పుస్తకం ఇంకా గట్టిగా రాయండి, ఎవరి సిఫారసుతో ఎవరికి లైసెన్సొచ్చిందో అదీ రాయండి. కానీ లొంగినవాణ్ని లెక్కపెట్టి, లొంగనివాణ్ని లెక్కపెట్టినట్టు పేపరుకెక్కకండి! బాంబులు చుట్టేది ఎవరో ఊళ్లో పిల్లాడికి తెలుసు. గంధకం ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసు. కొడవళ్లు ఎవరి మిద్దె మీద దాస్తారో తెలుసు. తెలియనిది స్టేషన్‌కేనా? తెలియకపోతే ఆ ఉద్యోగం దేనికి? తెలిసీ ఊరకుంటే ఆ చావుల్లో మీ వాటా ఎంత? పంటకు కాపలా కాసుకునే ముసలాయన తుపాకీకి పురికొస కట్టి, జిల్లా ప్రశాంతమని చెప్పడానికి సిగ్గుండాలి.

కలెక్టర్ గారూ, ఎస్పీ గారూ, ఒక్క జాబితా బయటపెట్టండి. నంద్యాల జిల్లాలో ప్రతి ఠాణా గోడకూ అంటించండి. గత పాతికేళ్లలో ఆ స్టేషన్ పరిధిలో ఎన్ని రాజకీయ హత్యలు జరిగాయి, ఏ ఆయుధంతో జరిగాయి, ఎంతమందికి శిక్ష పడింది, ఎన్ని కేసులు వీగిపోయాయి, ఎన్ని బాంబు కేసులకు కలెక్టరేటు సమ్మతి ఇచ్చింది, ఎన్ని ఫైళ్లు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఈ వివరాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి.