2020లో పుట్టిన ఆవు

అమ్రాబాద్ పొడ తూర్పు ఆవు వయసెంతో తెలుసా? కాగితాల లెక్కన 2020లో పుట్టింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో ఆ ఏడే దాన్ని దేశీ జాతిగా రాసుకుంది. అంతకుముందు అది ఊరూ పేరూ లేని నాటు పశువు. తాతల కాలం నుంచి ఒంటి మీది పొడలు చూసి ఆబోతును ఎంచి, మందను నల్లమలలో తిప్పి మేపిన కాపరికి అది జాతి అని తెలియదు పాపం. ఎవరో వచ్చి చెప్పాలి కదా!

పాలమూరు రైతు అన్నీ ఇట్లాగే తెలియకుండా చేస్తాడు. ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని జొన్నచేన్లో కంది సాళ్లు పెడితే వెనకబాటు. అదే సదస్సులో తెర మీదికెక్కితే ‘వాతావరణ ముప్పు నిర్వహణ’. చెరువు మన్ను బండ్లకెత్తి చేన్లో పోస్తే మోటు పని. 2015లో మిషన్ కాకతీయ బోర్డు పడ్డాక భూసార పరిరక్షణ. వేపది ఇంకో కథ. వేపనూనెతో బూజు తెగుళ్లు అణచడం తమ కొత్త విద్య అని పరాయి దేశం వాళ్లు అంటే 1994లో యూరప్ పేటెంటు ఇచ్చింది. 2000లో రద్దు చేసింది. అప్పీలు కూడా వీగిపోయేసరికి 2005 వచ్చింది. మన పెరటి చెట్టు మనదేనని తేలడానికి పదకొండేళ్లు!

గద్వాల నడిగడ్డకు రండి. సీడు పత్తి చేన్లో సాయంత్రం మొగ్గలు ఒలిచి, తెల్లారి పుప్పొడి అద్ది, పువ్వు పువ్వుకూ పెళ్లి చేసే చేతులున్నాయి. ఆ చేతులకు విత్తన పరిజ్ఞానం లేదట! గింజ కంపెనీకి పోయి, రంగుల ప్యాకెట్టులో తిరిగొస్తే అప్పుచేసి కొనుక్కోవాలి.

ఇప్పుడు వనపర్తి రచ్చకట్ట మీదికి పరిశోధకుల సర్వే ఫారం వస్తుంది. ‘మీ సంప్రదాయ జ్ఞానం ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా?’ అరవై వానకాలాలు చూసిన పెద్దాయన ఒక టిక్కులో ఇమిడిపోతాడు. ఫారం నింపినవారికి డాక్టరేటు. పెద్దాయనకు చాయ్.

రైతు కాపాడిన వంగడాన్ని రైతు పేరునే నమోదు చేయొచ్చని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చెబుతోంది. కాబట్టి సార్లూ, ఆ ఫారం చివర ఇంకో గడి గీయించండి: ‘ఈ సంగతి మీకు చెప్పిందెవరు?’ పేరు మేమే రాసుకుంటాం. వేలిముద్ర డబ్బా తేనక్కర్లేదు.