ఏడున్నర మార్కుల అభ్యర్థి

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) అభ్యర్థి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విరివిగా కనిపించే జాతి. అవనిగడ్డ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉండే అద్దె గదుల్లో మరీ దట్టంగా ఉంటుంది. డీఎడ్డో బీఎడ్డో ముగించి, ఏదో ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠాలు చెబుతూ, నోటిఫికేషన్ వాసన తగలగానే ఆ ఉద్యోగం మానేసి, పరీక్ష కాగానే మళ్లీ అదే హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడడం దీని వలస పద్ధతి.

పరీక్షలో 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి అభ్యర్థి ఏ ప్రశ్ననూ వదలడు. తెలియనివాటన్నిటికీ ఒకే ఆప్షన్ నొక్కాలా, మార్చి మార్చి నొక్కాలా అన్న విషయంలో ద్వైతులు, అద్వైతులు ఉన్నారు.

తెలుగుకు 30 మార్కులు. అందులో 24 భాషకు, 6 ఆ భాషను బోధించే పద్ధతికి. 24 మార్కుల భాగంలో సంధులు, సమాసాలు, గణాలు వస్తాయి. అవి పదో తరగతి నాటి శత్రువులే, ముఖపరిచయం ఉంది. అసలు కథంతా ఆ ఆరు మార్కులది. శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం అనే నాలుగు నైపుణ్యాల వరుస మరిచిపోకుండా ‘శ్రభాపలే’ అని ఒక మంత్రం కట్టుకుంటాడు. ‘బట్టీ పద్ధతి వల్ల కలిగే నష్టాలు’ అన్న పాఠాన్ని తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పైకి చదువుతూ, కామాలతో సహా బట్టీ పడతాడు. పక్క గదివాళ్లకు కూడా ఆ నష్టాలు నోటికొచ్చేస్తాయి.

పిల్లలు ఎలా నేర్చుకుంటారో తెలుసుకోవడానికి శిశు వికాసం పుస్తకం తెరిస్తే పావ్లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ వరసగా ఎదురవుతాయి. పిల్లలు కనిపించేసరికి సగం పుస్తకం అయిపోతుంది. ‘జతపరచండి’లో పిల్లిని స్కిన్నర్‌కు అప్పగించి మార్కు పోగొట్టుకున్నవాడికి ఆ రాత్రి నిద్రపట్టదు.

బోధన ప్రశ్నలకు అనుభవజ్ఞులు ఒక కిటుకు చెబుతారు: ఆప్షన్లలో ‘కృత్యం’ అన్న మాట ఉంటే అదే జవాబు, ‘మందలించాలి’ అని ఉంటే కచ్చితంగా కాదు. ప్రశ్నపత్రంలోని ఉపాధ్యాయుడు ఎన్నడూ విసుక్కోడు, పిల్లవాడి తప్పును అభ్యసనంలో సహజ దశగా చూస్తాడు. ఆ జవాబుకు టిక్కు పెడుతున్నప్పుడు సొంత కొడుకు వచ్చి లెక్క అడిగితే, “చదువుకుంటున్నా, కనబడట్లేదా? అవతలికి పో!” అంటాడు. ఈ కిటుకును కూల్చేది ఒక్క ‘కానిది’. ‘కింది వాటిలో శిశుకేంద్రీకృత పద్ధతి కానిది ఏది’ అన్న ప్రశ్నలో చివరి ముక్క కంటికి ఆనకపోవడం ఈ జాతికి వంశపారంపర్య దోషం.

2021 నుంచి టెట్ అర్హత జీవితాంతం చెల్లుతుంది. ఒకసారి గట్టెక్కినవాడు ఇక నిశ్చింతగా ఉంటాడని నిబంధన మార్చినవారి ఊహ. కానీ ఉద్యోగం ఇచ్చే డీఎస్సీ పరీక్ష ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. అంటే ఇక్కడ ఏడున్నర మార్కులు పెరిగితే అక్కడ ఒక్క మార్కు కలుస్తుంది. ఏలినాటి శనిదీ ఏడున్నరే. ఆ ఒక్క మార్కు కోసం 103 వచ్చినవాడు కూడా మళ్లీ ఫీజు కడతాడు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ జాతిలో కొత్త ఉపజాతి పుట్టింది: ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉండి, టెట్ లేని పంతుళ్లు. వీరికి రెండేళ్ల గడువు. పాతికేళ్లుగా తరగతిలో చేస్తున్న పనికి ‘నిర్మాణాత్మక మూల్యాంకనం’ అన్న పేరుందని వీరికిప్పుడే తెలిసింది. డౌటు వస్తే తమ దగ్గర అఆలు దిద్దిన కుర్రవాడికే ఫోన్ చేస్తారు. అతను “చెప్పండి మాస్టారూ” అని లేచి నిలబడే జవాబిస్తాడు.

కీ విడుదలైన సాయంత్రం అన్ని ఉపజాతులూ ఒక్కటవుతాయి. తప్పయిన ప్రతి జవాబుకూ తెలుగు అకాడమీ పుస్తకంలో ఆధారం వెతికి, పేజీ ఫొటో తీసి, అభ్యంతరం పెడతారు. తగిలినవాటికి ఎవరూ ఆధారం వెతకరు.