తెలియకపోవడమే వృత్తిధర్మం

ఇల్లు అమ్మేవారికీ కొనేవారికీ నడుమ నిలిచి ఇద్దరి దగ్గరా శాతం చొప్పున ప్రతిఫలం పుచ్చుకునే వ్యక్తిని ఒకప్పుడు దళారి అనేవారు, తరువాత బ్రోకరు అన్నారు, ఇప్పుడు హైదరాబాదులో ఆయన విజిటింగ్ కార్డు మీద ప్రాపర్టీ కన్సల్టెంటు అని అచ్చవుతున్నది. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, అనగా 2016లో వచ్చిన రెరా, ఏజెంటును నిర్వచిస్తూ బ్రోకర్లు, మధ్యవర్తులు ఏ పేరుతో పిలవబడినా ఇందులోకే వస్తారని ముందుజాగ్రత్తగా చేర్చడాన్ని బట్టి, శాసనకర్తలకు ఈ విజిటింగ్ కార్డుల పరిణామక్రమం బాగానే తెలుసునని భావించవచ్చు.

ఆ చట్టంలోని 10వ సెక్షను ఏజెంటు విధులను వివరిస్తుంది: నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకం జరిపించరాదు, లేని అనుమతి ఉన్నదని చెప్పరాదు, లెక్కల పుస్తకాలు ఉంచాలి, కొనుగోలుదారుకు అందవలసిన పత్రాలన్నీ బుకింగు నాటికే అందేలా చూడాలి. నమోదు లేకుండా వ్యాపారం చేసినవారికి రోజుకు 10,000 రూపాయల వంతున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు. ఇంత కఠినమైన నీతిశాస్త్రానికి ఒక చిన్న కిటికీ మాత్రం తెరిచి ఉన్నది. ఏజెంటు నమోదు నిబంధన రెరాలో నమోదైన ప్రాజెక్టులకే వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు, మించని స్థలాన్ని అసలు నమోదు చేయనక్కరలేదు. కనుక 200 గజాల పాత ఇంటిని అమ్మిపెట్టే ఏజెంటు విషయంలో ఈ విధులన్నీ ఆయన అంతరాత్మకే వదిలివేయబడినవి. ఆ అంతరాత్మకు రిజిస్ట్రేషన్ నంబరు లేదు.

పాత ఇళ్ల అమ్మకాన్ని నడిపించేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 55వ సెక్షను ప్రకారం, ఆస్తిలో గాని హక్కులో గాని తనకు తెలిసి ఉండి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు వెల్లడించి తీరాలి. ఇందులో 'తెలిసి' అన్న మాటే ఈ వృత్తికి మూలసూత్రం. తెలిస్తే చెప్పవలసి వస్తుంది కాబట్టి తెలుసుకోకపోవడమే క్షేమకరమని యజమాని గ్రహించడానికి కొంత కాలం పడుతుంది గాని, ఏజెంటు మొదటి వారంలోనే గ్రహిస్తాడు. గోడకు కొత్త సున్నం ఎందుకు వేశారని ఆయన అడగడు. అడిగితే చెమ్మ సంగతి తెలిసిపోతుంది.

ఏజెంటుకు తెలియనివాటిలో తరువాతిది ఎఫ్‌టీఎల్, అనగా చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు. దానికి వెలుపల 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫరుగా వదలాలని నిబంధన. ఈ హద్దులో ఉన్న ఇంటిని మే నెలలో చూపిస్తూ 'లేక్ వ్యూ' అనడం అసత్యమని ఎవరూ నిరూపించలేరు. అక్టోబరులో చెరువే వచ్చి ఇంటిని చూసుకుని వెళుతుంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టిన తరువాత, అంతవరకు ఎఫ్‌టీఎల్ అన్న మాటే వినని ఏజెంట్లు సైతం తమ ఇల్లు దానికి చాలా దూరమని, అడగకముందే చెప్పసాగారు.

హక్కు పత్రాల విషయంలో ఈ విద్య మరింత సూక్ష్మమైనది. ఈసీ అనగా ఒక ఆస్తిపై ఫలానా కాలంలో రిజిస్టరైన లావాదేవీలను తెలిపే ధ్రువపత్రం. ఇంట్లో మాట మీద జరిగిన పంపకం గాని, రిజిస్టరు కాని అగ్రిమెంటు గాని, కోర్టులో నలుగుతున్న దాయాదుల తగాదా గాని సాధారణంగా అందులో కనబడవు. అందువల్ల 'ఈసీ క్లియర్' అనే ఏజెంటు పూర్తి సత్యమే పలుకుతున్నాడు. సగం అబద్ధం చెప్పేవాడిని పట్టుకోవచ్చు గాని, పూర్తి నిజాన్ని దుప్పటిలా పరిచేవాడిని పట్టుకోవడం కష్టం.

ఆయన ఎవరి తరఫు అన్నది వేరే మీమాంస. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెన్సీని గురించి ఒక అధ్యాయమే కేటాయించి, యజమానికి తెలియకుండా ఏజెంటు సొంత లాభానికి బేరం నడిపితే ఆ లాభాన్ని అడిగే హక్కు యజమానికి ఇచ్చింది. అమ్మేవాడికి ఒక ధర, కొనేవాడికి ఒక ధర చెప్పి నడిమి తేడాను దాచుకునేవారి దృష్టిలో అది లాభం కాదు, తిరిగిన పెట్రోలు ఖర్చు. కొనేవాడి పక్షాన బేరమాడి ధర తగ్గిస్తే, ధరలో శాతమైన తన కమీషన్ కూడా తగ్గుతుందన్న లెక్క ఆయనను సహజంగానే తటస్థుడిగా నిలుపుతుంది. బేరం కదలనప్పుడు మాత్రం, సాయంత్రం ఇంకో పార్టీ టోకెన్ ఇవ్వడానికి వస్తున్నదని చెప్పడం ఉంది. ఆ పార్టీ ఎన్నడూ రాదు. కాని తెలుగునాట ఇళ్ల ధరలను నిర్ణయించడంలో రాని పార్టీ పాత్ర పరిశోధకులు పట్టించుకోవలసిన అంశం.

చివరి అంకం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో జరుగుతుంది. దస్తావేజులో ఏజెంటు ప్రస్తావన ఎక్కడా ఉండదు, కమీషన్‌కు రసీదూ ఉండదు. అయితే పార్టీలను గుర్తించి నిరూపించడానికి ఇద్దరు సాక్షులు కావాలి, చాలాసార్లు అందులో ఒకరు ఆయనే. చెమ్మ తెలియని, చెరువు తెలియని, దాయాదుల తగాదా తెలియని ఆ వ్యక్తి అక్కడ కలం తీసి, అమ్మేవారిని తాను బాగా ఎరుగుదునని సంతకం చేస్తాడు.