ఏడు సూత్రాలు, ఖాళీ ఫ్రీజరు

టెక్సాస్ వచ్చి పదిహేనేళ్లయింది. అందులో పది సీజన్లు, నవంబరు మొదటి శనివారం తెల్లారేసరికల్లా హిల్ కంట్రీలో ఎవరిదో ఒకరి రాంచిలో మంచె మీద ఉన్నాను. నేను గురిపెట్టిన జింకలు చాలావరకు ఇప్పటికీ క్షేమంగానే ఉన్నాయి. ఇంత అనుభవం నాతోనే పోకూడదు కదా! కొత్తగా వేట లైసెన్సు తీసుకుని, తుపాకుల దుకాణంలో తూటాల అరల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడే మన కుర్రాళ్ల కోసం ఈ సూత్రాలు రాస్తున్నాను. నా రైఫిల్ .308 విన్‌చెస్టర్, 1952లో వచ్చిన రకం. తప్పు దానిది కాదు, నాది అసలే కాదు. ఎప్పుడూ తూటాదే.

1. పెద్ద అంకె చూసి కొనండి

పెట్టె మీద 150 గ్రెయిన్లు, 180 గ్రెయిన్లు అని ఉంటుంది. అది లోపలి మందు కొలత అని నేను మూడేళ్లు అనుకున్నాను. కాదట, ముందు కొసన ఉండే బుల్లెట్ బరువట. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి లెక్కలో 150 గ్రెయిన్లంటే సుమారు ఎనభై గురివింద గింజల ఎత్తు, పది గ్రాములకు కాస్త తక్కువ. బంగారమైతే బరువు పెరిగేకొద్దీ సంతోషిస్తాం, ఇక్కడా అంతే. తొడుగులో మందు పట్టే చోటు పెరగదు కాబట్టి బుల్లెట్ బరువెక్కితే వేగం తగ్గుతుందని కొందరు గొణుగుతారు. హిల్ కంట్రీ జింక మన ఊరి పొట్టేలుకంటే మరీ పెద్దదేం కాదు, 150 చాలంటారు. గొణగనివ్వండి. దెబ్బ ఎంత గట్టిదో మన భుజం నొప్పిని బట్టి కాక ఇంకెలా తెలుస్తుంది?

2. దయగల తూటా వాడండి

తగలగానే ముక్కు విచ్చుకుని పుట్టగొడుగులా వెడల్పయ్యే బుల్లెట్లు ఉంటాయి. వాటి చరిత్ర మన దేశంలోనే ఉంది. 1890లలో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో అలాంటివి చేశారు. ఆ ఊరి పేరే వాటికి స్థిరపడింది. 1899లో హేగ్‌లో దేశాలు కూర్చుని, యుద్ధంలో వీటిని వాడకూడదని ఒప్పుకున్నాయి. శత్రువు మీదే వద్దన్నదాన్ని నోరులేని జింక మీద వాడతామా? అందుకే నేను చుట్టూ రాగి కప్పిన ఫుల్ మెటల్ జాకెట్ రకం కొన్నాను. చవక కూడా. చిన్న బెజ్జం పెట్టి, మర్యాదగా అవతలికి వెళ్లిపోతుంది.

జింక కూడా వెళ్లిపోతుంది. ఒక సాయంత్రం టార్చి వెలుగులో రక్తపు చుక్కలు వెతుక్కుంటూ సీడర్ పొదల్లో రెండు గంటలు తిరిగాను. కాసేపటికి చుక్కకీ చుక్కకీ దూరం పెరిగింది, ఆ తర్వాత అవీ లేవు. విచ్చుకోని బుల్లెట్‌తో జింక ఒక్కోసారి నిమిషాల్లో పోదనీ, గంటలు పట్టొచ్చనీ, చాలా రాష్ట్రాలు జింక వేటలో ఈ రకాన్ని నిషేధించింది అందుకేననీ రాంచి ఆసామి తర్వాత చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తూటా నాసిరకం అని తేల్చుకున్నాకే పట్టింది.

3. పందెం గెలిచేదే వేటా గెలుస్తుంది

మరుసటి ఏడు మ్యాచ్ అని రాసున్న పెట్టె కొన్నాను. పోటీల్లో కాగితం మీద చిల్లి పక్కనే చిల్లి పెట్టే బుల్లెట్ అది. ముక్కున సూదిబెజ్జం, పైన పల్చటి తొడుగు. కాగితానికి ఎముకలుండవు కాబట్టి విచ్చుకోవడం గురించి చేసినవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. జంతువుకు తగిలినప్పుడు ఒకటి విచ్చుకోకుండా దూసుకుపోతుంది, ఇంకొకటి పైపైనే ముక్కలవుతుంది. ఏది ఏం చేస్తుందో ముందే తెలిస్తే వేటలో మజా ఏముంటుంది?

4. గజాల్ని ప్లాటు లెక్కలోనే చూడండి

ఇక్కడ దూరాన్ని గజాల్లో చెబుతారు. మనకు గజాలంటే భయం లేదు, 200 గజాల్లో ఇల్లు కట్టిన జాతి. 100 గజాల దగ్గర గురి సరిచేసుకున్నాక తూటా ఆ గురి గీత మీదే పోతూ ఉంటుందని సినిమాలు చూసిన ప్రతివాడికీ తెలుసు. పెట్టె పక్కన సన్నక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది, దాన్ని చదివి కళ్లు పాడుచేసుకోకండి. నా 150 గ్రెయిన్ల రకం 200 గజాలకు సుమారు నాలుగంగుళాలు, 300కు పదిహేను, 400కు మూడడుగుల దాకా కిందికి దిగుతుందట. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటేమో టిఫిను ప్లేటంత.

వేగం సంగతీ అందులోనే ఉంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకు 2,820 అడుగులు, 300 గజాల దగ్గర 2,000, 400 దగ్గర 1,800 లోపు. విచ్చుకునే బుల్లెట్లలో చాలావాటికి ఆ 1,800, 2,000 మధ్యే గీత. అక్కడికి దిగితే ఖరీదైనది కూడా రెండో సూత్రంలోని దయగల తూటాలా ప్రవర్తిస్తుంది. నేను 400 గజాల్లో వేశాను. ధర చూసి మరీ కొన్నదే.

5. పందికి ఏదైనా చాలు

అడవి పందుల వేటకు ఇక్కడ సీజను లేదు, లెక్క లేదు. 2019 నుంచి ప్రైవేటు భూమిలో, ఆసామి ఒప్పుకుంటే, లైసెన్సు కూడా అక్కర్లేదు. చట్టమే ఇంత తేలిగ్గా తీసుకున్న జంతువుకు మనమెందుకు ఆలోచించాలి? మొక్కజొన్న ఫీడరు దగ్గరికి మంద వచ్చింది. నలభై గజాలు. తగలగానే చితికిపోయే మెత్తని బుల్లెట్‌తో, జింకకు కొట్టినట్టే భుజం వెనక, ఒంటి మధ్యన కొట్టాను.

పంది గుండె జింకకున్నచోట ఉండదు. ఇంకా కిందికి, ఇంకా ముందుకి, ముంగాళ్ల మధ్య ఉంటుంది. ముదురు మగపందికైతే భుజాల మీద చర్మం కింద డాలులాంటి గట్టి పొర. పైగా దగ్గర్లో తూటా వేగం ఎక్కువ కాబట్టి మెత్తనిది అక్కడే మరీ చితుకుతుంది. దూరానికి తేలిగ్గా విచ్చుకునేది, దగ్గరికి గట్టిది కావాలనడం వినడానికే తలకిందులుగా లేదూ? 1946లో కెనడాలో ఒక మూస్ దుప్పి మీద తన తూటాలు లోతుకు దిగకుండా చితికిపోయాయని జాన్ నోస్లర్ అనే వేటగాడు మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారుచేసి, 1948లో అమ్మకానికి పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటే వెనక సగం దిగుతుంది. ఆయన తన తూటాని అనుమానించాడు. నేనూ అదే చేశాను, కాకపోతే కొత్తది చేసే బదులు కొత్త పెట్టె కొన్నాను.

అనంతపురం దగ్గర మా నాన్న వేరుశనగ చేలో కాపలా పడుకుని, నేను పదేళ్లలో బెదరగొట్టినన్ని పందుల్ని రేకు డబ్బా వాయించి ఒక్క రాత్రిలో తరుముతాడు. అది వేట కాదు కాబట్టి ఇక్కడ లెక్కలోకి రాదు.

6. సాధనకు చవకది, వేటకు ఖరీదైనది

పట్టుచీర కట్టుకుని వంట చెయ్యం కదా. ఆగస్టులో చవక తూటాలతో గురి సరిచేసుకోండి, నవంబరులో ఖరీదైనవి దించండి. అదే రైఫిలైనా రకం మారితే దెబ్బ తగిలే చోటు మారుతుంది, ఒక్కోసారి 100 గజాల్లోనే రెండు మూడంగుళాలు. అలా జరిగితే దుర్బిణీ కదిలిందనండి. మా ఆవిడ ఈ సందర్భంలో మద్దెల సామెత ఎత్తుకుంటుంది. ఆమెకు వేట తెలియదు.

7. లివర్ రైఫిల్ గురించి

ఈ సూత్రం రాయబోయి ఆగాను. 1895 నాటి .30-30 రకానికి చేసిన పాత లివర్ రైఫిళ్లలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున మందుని అంటించే ప్రైమర్‌కి ఆనుకుంటుంది. ముక్కు గట్టిగా, మొనదేలి ఉంటే కుదుపుకు గొట్టంలోనే పేలొచ్చు. అందుకే వాటికి మొద్దు ముక్కు బుల్లెట్లే వాడతారు, లేదంటే వాటికోసమే చేసిన మెత్తటి మొనవి. ఇది నేను కూడా పాటిస్తాను. జింక తప్పించుకుంటే వచ్చే ఏడు ఉంది, వేళ్లు అలా కాదు.

ఇప్పుడు నా బీరువాలో పదకొండు రకాల పెట్టెలున్నాయి. ఒక్కోదాంట్లో నాలుగైదు తూటాలే ఖర్చయ్యాయి. మా మేనల్లుడి దగ్గర ఒకటే రకం. 150 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్, విచ్చుకునే రకం. వేసవంతా వాటితోనే కాల్చి, ఏడు పెట్టెలు ఖాళీ చేశాడట, డబ్బు దండగ. పోయిన థాంక్స్‌గివింగ్‌కి వాళ్లింట్లో జింక వేపుడు పెట్టారు. మెత్తగా ఉంది, రెండోసారి వడ్డించుకున్నాను.

"ఏం తూటారా?" అన్నాను.

"ఎంత దూరమో అడుగు మామయ్యా" అన్నాడు. "ఎనభై గజాలు. అంతకుముందు మూడొందల్లో ఒకటి నిలబడింది, దీనికంటే పెద్దది. అంత దూరం నాకు చేతకాదు, వదిలేశాను."

ఇంటికొచ్చి బీరువా మళ్లీ తెరిచాను. పదకొండు పెట్టెలూ తిప్పి తిప్పి చూశాను. వదిలెయ్యడానికి పనికొచ్చేది ఒక్కటీ కనపడలేదు.